తుప్పు పట్టిన బోల్టుకు ఏ నూనె మంచిది?

ఉప్పలగుప్తం మండలంలోని గ్రామాలు తిరిగే వ్యవసాయాధికారిని రైతులు అడిగే ప్రశ్నలు చాలవరకు విత్తనాన్ని గురించో, దోమపోటును గురించో, చౌడును గురించో అయి ఉంటాయి. ఈ మధ్య వాటితోపాటు మరొక ప్రశ్న కూడా తరచు వినవస్తున్నది. "బోల్టు తుప్పు పట్టి కదలడం లేదండీ, ఏ నూనె పోస్తే వదులుతుంది?" అని.

వినడానికి ఇది మెకానిక్కును అడగవలసిన ప్రశ్నవలె ఉన్నది. కాని ఊడ్పుల కాలంలో రోటవేటరు బ్లేడు మార్చలేక ఒక దినం పోయినదంటే ఆ దినం తిరిగి రాదు. కిరాయి ట్రాక్టరు మరొక ఊరికి పోతుంది. నారు ముదురుతుంది. నీరు తోడే ఇంజనులో ఒక స్టడ్డు విరిగితే దానిని అమలాపురం తీసుకొనిపోయి లేతు పనివానికి చూపవలెను. ఆ నాలుగు రోజులూ నారుమడిలో నిలిచిన నీరు మన వీలు కొరకు ఆగదు. గనుక వ్యవసాయ పత్రికలో ఈ సంగతి వ్రాయుట అప్రస్తుతం కాదని తలుస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను. పొలం పనిముట్ల బోల్టులలో ఎక్కువ వాటికి మన ఇంట ఉన్న డీజిలులో కొంచెం ఇంజను ఆయిలు కలిపి పోసి, ఒక రాత్రి ఓపిక పడితే చాలును. బజారులో అమ్మే ఖరీదైన డబ్బాలకు కూడా తగిన చోటు ఉన్నది, కాని అది మనం అనుకొనే చోటు కాదు. కొబ్బరినూనె ఈ పనికి అంతగా ఉపకరించదు. కోనసీమలో ఉండి ఈ మాట అనడానికి కొంత ధైర్యం కావలెనని నాకు తెలుసు.

మన ఊళ్లలోనే ఇంత తుప్పు ఎందుకు?

మెట్ట ప్రాంతంలో రెండేళ్లు బయట పడి ఉన్న నాగలి బోల్టు ఒక్క పట్టుకు ఊడివస్తుంది. ఎస్. యానాం, వాసాలతిప్ప వైపు ఒక్క వర్షాకాలం గడిచేసరికి అదే బోల్టు రాయి అవుతుంది. తేడా ఇనుములో లేదు, గాలిలో ఉన్నది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. కెరటాలు విరిగినప్పుడు లేచిన తుంపర గాలిలో కొట్టుకొని వచ్చి ఇనుము మీద పడుతుంది. నీరు ఆరిపోయినా ఉప్పు మిగులుతుంది. మనం వంటకు వాడే ఉప్పే వానాకాలంలో జాడీలో చెమ్మగిల్లడం ప్రతి గృహిణికీ తెలిసినదే. గాలిలో తేమ నూటికి 75 పాళ్లు దాటితే అది నీరు పట్టడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉన్నది. అది నూటికి 33 పాళ్ల తేమకే చెమర్చుతుంది. అంతకంటె పొడిగాలి మన తీరాన వీచే రోజులు ఎన్ని? అందుచేత ఎండ కాస్తున్నా సరే, బోల్టు సందులో సన్నని ఉప్పునీటి పొర ఎప్పుడూ ఉంటుందని అనుకొనవచ్చును. తుప్పుకు కావలసినది అదే.

దీనికి ఎరువులు కూడా తోడవుతాయి. మనం వాడే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో సగానికి దగ్గరగా క్లోరైడే. దానిని మోసిన ట్రాలీని, చల్లిన పరికరాన్ని కడగకుండా పాకలో పెడితే సముద్రానికి పది మైళ్ల దూరంలో ఉన్నవారికి కూడా సముద్రం ఇంటికి వచ్చినట్లే.

ఇనుము తుప్పుగా మారినప్పుడు రెండు నుండి ఆరు రెట్ల వరకు ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది. బయట ఉన్న రేకు మీద అయితే ఆ తుప్పు పొరలు పొరలుగా ఊడి పడుతుంది. నట్టుకు, బోల్టుకు మధ్య మరలలో అది ఊడి పడడానికి చోటు లేదు. గనుక మేకు వేసి బిగించినట్లు మరలను రెండు వైపుల నుండి ఒత్తి పట్టుకొంటుంది. బోల్టు "బిగుసుకొన్నది" అంటే అర్థం ఇదే.

నూనె ఏమి చేస్తుంది, ఏమి చేయదు

తుప్పును కరిగించే నూనె ఏదీ లేదు. డబ్బా మీద ఏమి ముద్రించి ఉన్నా, దుకాణదారుడు ఏమి చెప్పినా, నూనె తుప్పును కరిగించదు. చింతపండు పులుపు, వెనిగరు వంటివి కరిగిస్తాయి. కాని అవి ఆమ్లములు, నూనెలు కావు. ఊడదీసిన చిన్న భాగములను నానబెట్టడానికే తగినవి. వాటిలో నానిన భాగమును సోడా నీటితో కడిగి, ఆరబెట్టి, వెంటనే నూనె రాయకపోతే మరుసటి దినమే కొత్త తుప్పు లేస్తుంది. నూనె చేసే పని వేరు. అది తుప్పు రేణువుల నడుమ ఉన్న సన్నని సందులలోనికి దిగి, వాటిని తడిపి, ఒకదానిమీద ఒకటి జారేటట్లు చేస్తుంది. మిగిలిన పని సుత్తి, పానా చేయవలెను.

సందులోనికి దిగే ఈ శక్తి మన రైతులకు తెలియనిది కాదు. దీపపు వత్తి కిరసనాయిలును పైకి లాగినట్లే, వేసవిలో దున్నకుండా వదిలిన చేలో అడుగున ఉన్న ఉప్పునీరు మట్టి సందుల వెంట పైకి ఎగబ్రాకి చౌడు పెట్టినట్లే, నూనె కూడా మర సందులలోనికి ప్రాకుతుంది. చేలో మనకు కీడు చేసే గుణమే ఇక్కడ మేలు చేస్తుంది.

ఈ ప్రాకుడుకు ఒక లెక్క ఉన్నది. ద్రవం ఎంత పలచనిదైతే అంత త్వరగా దిగుతుంది. 40 డిగ్రీల వేడి వద్ద చిక్కదనం కొలిచి చూస్తే డీజిలు 2 నుండి 4.5 సెంటీస్టోక్సులు మాత్రమే ఉంటుంది. కొబ్బరినూనె సుమారు 27. గేరు పెట్టెలో పోసే 90 నంబరు నూనె నూటయాభైకి పైమాటే. ఇతర పరిస్థితులు సమానమైనప్పుడు డీజిలు గంటలో దిగే లోతుకు కొబ్బరినూనెకు తొమ్మిది గంటల వరకు పట్టవచ్చును. గేరు ఆయిలు సంగతి చెప్పనక్కరలేదు. ఇక రెండవ లెక్క: రెట్టింపు లోతు దిగడానికి రెట్టింపు కాలం చాలదు, నాలుగు రెట్లు కావలెను. పావుగంటలో అర అంగుళం దిగిన నూనె అంగుళం దిగడానికి గంట తీసుకొంటుంది. నిజమైన తుప్పులో సందులు ఇంకా ఇరుకు, వంకర. అందువలన నూనె పోసి బీడీ కాల్చుకొనేంతసేపు ఆగి పానా వేసేవారికి ఏ నూనె అయినా ఒకటే. ఏదీ పని చేయదు.

నీరు డీజిలు కంటె కూడా పలచనిది కదా, నీటితోనే పని కాదా అని ఒక యువరైతు నన్ను అడిగినాడు. మంచి ప్రశ్న. నీరు సందులోనికి దిగుతుంది గాని జారుడునివ్వదు. అదీగాక తుప్పుకు ఆహారం అదే. అయినా మంచినీటికి ఈ పనిలో ఒక స్థానం ఉన్నది. దానిని క్రింద చెప్పుతాను.

ఏది దేనికి?

మొదట కొబ్బరినూనె. తాళానికి, తలుపు బందుకు, కొబ్బరి కోరాముకు మన పెద్దలు అదే వాడినారు. కోరాము వంటి ఆహారం తగిలే పనిముట్లకు నేటికీ అదే మంచిది. అక్కడ డీజిలు తగదు. కాని బిగుసుకొన్న మర సంగతి వేరు. అది చిక్కన అన్న మాట అట్లుండగా, సుమారు 24 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. మార్గశిర పుష్య మాసాల్లో తెల్లవారుజామున సీసాలో పేరుకొన్న కొబ్బరినూనె చూడని ఇల్లు కోనసీమలో లేదు. సీసాలో కదలని నూనె మర సందులో ఎట్లు కదులుతుంది? ఇంకొక లోపం, ఏళ్ల తరబడి గాలికి ఉంటే కనరెక్కి జిగురు పడుతుంది, ఇత్తడి మీద పచ్చని చిలుము తెస్తుంది. ఆముదం ఇంతకంటె కూడా చిక్కన.

వాడి తీసిన నల్ల ఇంజను ఆయిలు ఊరికే దొరుకుతుంది గనుక చాలమంది దానినే పోస్తారు. దానిలో మసి, ఇనుపరజను, ఇంజనులో పుట్టిన ఆమ్లపు అంశములు ఉంటాయి. అది మరలోనికి దిగదు, చేతికి అంటుతుంది, నేల మీద పడితే పోదు. దీనిని నేను ఏ పనికీ సిఫారసు చేయను.

కిరసనాయిలు మంచి పలచని ద్రవం. ఇంటింటా లాంతర్లు వెలిగిన రోజులలో పనివాండ్రు దానినే వాడేవారు. సులభంగా దిగుతుంది గాని త్వరగా ఆరిపోతుంది, వెనుక జారుడు మిగల్చదు. డీజిలు దానికంటె కొంచెం నెమ్మది, కాని నిలుస్తుంది. ట్రాక్టరు, ఇంజను ఉన్న ప్రతి ఇంటా ఉన్నది. మూడు పాళ్లు డీజిలు, ఒక పాలు వాడని శుభ్రమైన ఇంజను ఆయిలు కలిపితే డీజిలు దారి తీస్తుంది, ఆయిలు ఆ దారిలో నిలిచి జారుడునిస్తుంది. పాత ఇంజక్షను సిరంజిలో పట్టి, సూది తీసివేసి, చుక్కలుగా వేయవచ్చును. నూరు మిల్లీలీటర్లు ఒక రైతుకు సంవత్సరం పొడుగునా సరిపోతుంది.

పెట్రోలు మాత్రం వద్దు. అది క్షణంలో ఆవిరవుతుంది, ఉన్న జిడ్డును కూడా కడిగివేస్తుంది, దాని ఆవిరి నేలబారుగా ప్రాకి దూరాన ఉన్న నిప్పును అందుకొంటుంది. ఎసిటోనులో ఆటోమేటిక్ గేరు ఆయిలు సగానికి సగం కలిపితే అన్నిటినీ మించిన మందు అని కొంతకాలంగా ప్రచారంలో ఉన్నది. సెల్‌ఫోనులో చూచి మన యువకులు కూడా నన్ను అడుగుతున్నారు. అది పని చేస్తుందనే మాట కొట్టివేయదగినది కాదు. కాని ఆ రెండూ సరిగా కలవవు, నిలువ ఉంచితే విడిపోతాయి, పోసే ప్రతిసారీ కుదపవలెను. ఎసిటోను కూడా పెట్రోలు వలె మంటకు అంటుకొనేదే. రంగును, ప్లాస్టిక్కును తింటుంది. వేడి సైలెన్సరు ప్రక్కన, పిల్లలు తిరిగే పాకలో దానిని ఉంచడానికి నా మనస్సు ఒప్పదు.

ఇక బజారు డబ్బాలు. వీటిలో అందరూ ఎరిగినది నీలం, పసుపు రంగుల డబ్ల్యు.డి.-40. ఇది 1953లో అమెరికాలోని శాన్ డియేగో నగరంలో రాకెట్ కెమికల్ కంపెనీ వారు తయారుచేసినది. ఆ పేరుకు అర్థం 'నీటిని తొలగించుట, నలుబదియవ ప్రయత్నం' అని. అట్లాస్ క్షిపణి పైపొరకు తుప్పు రాకుండా దానిని తొలుత వాడినారు. అనగా అది పుట్టినది తడిని తరిమి తుప్పును ఆపడానికి, పట్టిన తుప్పును విడదీయడానికి కాదు. అయినప్పటికీ పలచనిది గనుక మరలోనికి కూడా దిగుతుంది. దిగే పనికే ప్రత్యేకించి చేసిన డబ్బాలు వేరే ఉన్నవి. కొనేవారు ముందువైపు పేరును కాక, వెనుకవైపు దేనికి వాడవలెనో వ్రాసిన భాగమును చదివి కొనవలెను. సన్నని గొట్టంతో చల్లవచ్చును గనుక చేయి దూరని చోట్లకు, తలక్రిందులుగా ఉన్న బోల్టులకు, వానలో తడిసిన మోటారు బోల్టులకు ఇవి నిజంగా సౌకర్యం. అటువంటి పని ఉన్నవారు, యంత్రాలు కిరాయికి ఇచ్చే సంఘాలవారు ఒక డబ్బా ఉంచుకొనుట మంచిదే. రెండెకరాల రైతు ఆరు బోల్టుల కొరకు దానిని కొనడం నాకు దండుగగా కనబడుతున్నది. ఆ డబ్బుకు ఒక డబ్బా గ్రీజు వస్తుంది.

పోసే పద్ధతి

ఇప్పుడు మంచినీటి మాట. ఉప్పు నూనెలో కరగదు, నీటిలో కరుగుతుంది. ఉప్పు పట్టిన బోల్టు మీద ఎంత మంచి నూనె పోసినా ఉప్పు అక్కడే ఉంటుంది. కావున మొదట తీగల బ్రష్షుతో రంగు, బురద, పైతుప్పు గీకి, మంచినీటితో కడిగి, ఎండలో ఆరనివ్వవలెను. రొయ్యల చెరువు నీరు, మురుగు కాలువ నీరు కడగడానికి పనికిరావు. ఈ ఒక్క పని మనవాండ్రు చేయరు. నూనెకు చెడ్డపేరు రావడానికి సగం కారణం ఇదే.

తరువాత నట్టు పైన, క్రింద, రెండు వైపులా నూనె పట్టించవలెను. నట్టు చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టితే నూనె కారిపోక నిలుస్తుంది. నిలువు బోల్టు అయితే నూనెలో తడిపిన గుడ్డపేలిక చుట్టి, పైన కొబ్బరి పీచుతో కట్టవచ్చును. గంటకొకసారి నట్టు ముఖాల మీద చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు వేసి మరల నూనె అందించవలెను. ఆ అదురుకు తుప్పులో సన్నని బీటలు తెరుచుకొంటాయి. నూనె వాటిలోనికి దిగుతుంది. గట్టిగా కొట్టనక్కరలేదు. తలుపు తట్టినట్లు చాలును. సాయంత్రం పోసి ఉదయం విప్పుట అన్నిటికంటె మంచిది.

విప్పేటప్పుడు నట్టు ఆరు ముఖాలనూ పట్టే రింగు పానాయే వాడవలెను. మూతి తెరిచిన పానా, పట్టుకారు మూలలను గుండ్రం చేస్తాయి. ఆ తరువాత ఏ నూనె ఉన్నా లాభం లేదు. మొదట కొద్దిగా బిగించే వైపు తిప్పి, 'కటుక్కు' మన్న తరువాత విప్పే వైపు తిప్పవలెను. పావు చుట్టు వచ్చిన తరువాత మళ్లీ వెనుకకు అర పావు తిప్పి, నూనె వేసి, ముందుకు సాగవలెను. పోయిన సార్వాలో ఒక గ్రామంలో పానాకు మూడడుగుల గొట్టం తొడిగి ఇద్దరు యువకులు వేలాడగా చూచినాను. బోల్టు ఊడలేదు, తెగినది. తెగినది ఇంజను స్టడ్డు గనుక రంధ్రం వేసి తీయడానికి లేతు పనివాడు ఐదు రోజుల తరువాత రమ్మన్నాడు. అంతలో వారి నారు రెండుసార్లు మునిగినది.

కాచి విప్పే పద్ధతి కూడా ఉన్నది. నట్టును కాచితే అది వ్యాకోచించి పట్టు సడలుతుంది. వేడి నట్టు మొదట్లో కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి మరలోనికి దిగుతుంది, ఇది చాల మంచి ఉపాయం. కాని నూనె పోసిన బోల్టును కాచరాదు. మంట లేస్తుంది. డీజిలు ట్యాంకు దగ్గర, రబ్బరు సీళ్ల దగ్గర, రోటవేటరు బ్లేడుల గట్టి బోల్టుల మీద కూడా కాచుట తగదు. ఆ బోల్టులకు కర్మాగారంలో ఇచ్చిన పదును కాలిస్తే పోతుంది. మళ్లీ బిగించినప్పుడు పొలంలో విరుగుతాయి. జింకు పూత పూసిన బోల్టులను కాచితే వచ్చే తెల్లని పొగ పీల్చినవారికి జ్వరం తగులుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, ఉలితో నట్టును చీల్చి పది రూపాయలకు కొత్తది వేసుకొంటే పోదా అని అనుభవజ్ఞులైన రైతులు అంటారు. వారి మాటలో న్యాయం ఉన్నది. కేజ్ వీలు పట్టీలకు, ట్రాలీ తలుపుకు, రెండు వైపులా చేయి అందే మామూలు ఇనుప బోల్టుకు నూనె కొరకు రాత్రంతా ఎదురుచూచుట అనవసరం, కోసివేయవలెను. నూనె అవసరమైనది ఇంజను తలకాయ స్టడ్డులకు, పంపు మూతలకు, గేరు పెట్టెలకు, అనగా విరిగితే విలువైన భాగంలో మొండెం మిగిలిపోయే చోట్లకు. ముఖ్యంగా అల్యూమినియం భాగంలో బిగించిన ఇనుప స్టడ్డులకు ఓపిక కావలెను. ఉప్పు తడిలో ఈ రెండు లోహములు ఒకదానినొకటి తింటాయి. అక్కడ పట్టేది ఎర్రతుప్పు కాదు, అల్యూమినియం తెల్లపొడి. దానికి రెండు మూడు రాత్రులైనా పట్టవచ్చును.

చేతి స్ప్రేయరుల విషయంలో ఒక హెచ్చరిక. డీజిలు, కిరసనాయిలు తగిలితే మామూలు రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. అక్కడ ముందుగా వాషరు తీయవలెను. తీయడానికి వీలు లేకపోతే వేడినీరు పోసి చూచుటయే మేలు.

రొయ్యల సాగు చేసేవారికి మరొక మాట. ఏరియేటరు బోల్టులకు చెరువులోనే నిలబడి నూనె కొట్టుట చూస్తున్నాము. నీటి మీద పరుచుకొన్న డీజిలు పొర గాలిని లోనికి పోనివ్వదు, రొయ్యకు అది విషం కూడా. ఏరియేటరును గట్టు మీదికి లాగి, క్రింద గోనెపట్టా పరచి చేయవలెను. క్రొత్తగా బిగించేటప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయిస్తే తుప్పు బాధ చాలవరకు తీరుతుంది. కాని స్టెయిన్‌లెస్ నట్టును స్టెయిన్‌లెస్ బోల్టుకు పొడిగా బిగిస్తే తుప్పు లేకుండానే ఒకదానికొకటి కరుచుకొంటాయి. గ్రీజు రాసియే బిగించవలెను.

ఏ బోల్టు అయినా విప్పిన తరువాత మరను శుభ్రపరచి గ్రీజు పూసి బిగిస్తే వచ్చే ఏడు ఈ వ్యాసంతో పని ఉండదు. గ్రీజులలో సోడియం గ్రీజు నీటికి కరిగిపోతుంది, తీరప్రాంతానికి తగదు. కాల్షియం గ్రీజు నీటికి నిలుస్తుంది, చవక కూడా. లిథియం గ్రీజు దాదాపు అన్ని చోట్లా దొరుకుతుంది, అదీ మంచిదే. అల్యూమినియం దగ్గర గ్రాఫైటు కలిసిన నల్ల గ్రీజు మాత్రం వాడరాదు. ఉప్పు తడిలో గ్రాఫైటు అల్యూమినియంను తినిపిస్తుంది.

మురుగు కాలువ తలుపులు

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క రైతు సొంత పనిముట్ల సంగతి. ఒకరి బోల్టు బిగిస్తే ఒకరి పని ఆగుతుంది. మన మండలంలో బిగిస్తే ఊరంతా నష్టపడే మరలు వేరే ఉన్నవి. అవి మురుగు కాలువల మీద, సముద్రపు మొగల వైపు కట్టిన స్లూయిజుల తలుపులవి. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు చేలలోనికి ఎక్కకుండా మూయడానికి, పాటు సమయంలో చేలలోని వాననీరు దిగిపోయేటట్లు తెరవడానికి వాటిని ఏర్పరచినారు. ఒక్క పాటు సమయం తప్పితే మళ్లీ నీరు దిగడానికి సుమారు పన్నెండు గంటలు ఆగవలెను. సార్వా వరి పొట్ట మీద, కంకి మీద ఉండే అక్టోబరు, నవంబరు నెలలే మనకు తుపానుల నెలలు. 1996 నవంబరు 6 నాటి తుపానును చూచినవారు ఇప్పటికీ ప్రతి ఊళ్లో ఉన్నారు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వారు చెప్పుకొన్న బాధలలో మురుగు దిగకపోవడం ఒకటి.

మురుగు సమస్యకు పెద్ద కారణములు పూడిక, తూడు, గుర్రపుడెక్క, మొగల మూసివేత. వాటిని ఒక నూనె డబ్బాతో తీర్చవచ్చునని నేను అనడం లేదు. తుప్పు పట్టి చిల్లులు పడిన తలుపు రేకును, అసలే లేని తలుపును నూనె బాగుచేయదు. వాటికి నిధులు కావలెను, ఇంజనీర్లు కావలెను. కాని తలుపు ఉండి, రేకు గట్టిగా ఉండి, ఎత్తే మరకడ్డీ ఒక్కటే బిగుసుకొని ఉన్న చోట, తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి టార్చిలైటు వేసుకొని నూనె కొరకు వెదకుట న్యాయమా? పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ రాత్రి పోసిన నూనె మరునాటికి గాని దిగదు. గొట్టం తగిలించి బలవంతంగా తిప్పితే కడ్డీ వంగుతుంది. ఆ పైన తలుపు తెరుచుకోదు, మూసుకోదు.

ఈ మరలకు నూనె వేయవలసిన కాలం వేసవి. కాలువలు కట్టివేసి, చేలు ఎండి, మురుగు కాలువలో నీరు అడుగంటిన ఏప్రిలు, మే నెలలలో లస్కరులకు, రైతులకు తీరిక ఉంటుంది, మరకడ్డీ అడుగు వరకు కనబడుతుంది. పాత గ్రీజు ఎండి ఇసుకతో కలిసి గట్టిపడి ఉంటుంది. దాని మీదనే కొత్త గ్రీజు మెత్తుట మామూలుగా జరుగుతున్న పని. అది కడ్డీని సానపెట్టినట్లే. పాతది డీజిలు గుడ్డతో పూర్తిగా తుడిచి, తీగల బ్రష్షుతో మర సందులు తోమి, మంచినీటితో కడిగి ఆరనిచ్చి, డీజిలు, ఆయిలు మిశ్రమం రెండు మూడు రోజులు అందించి, తలుపును ఒకసారి పూర్తిగా పైకి, ఒకసారి పూర్తిగా క్రిందికి నడిపించి, అప్పుడు కాల్షియం గ్రీజు పూయవలెను. తుడిచిన గుడ్డలు, కారిన నూనె కాలువలో పడకుండా క్రింద పట్టా కట్టవలెను. ఒక తలుపుకు ఇది ఇద్దరు మనుషులకు ఒకటి రెండు పూటల పని, మిశ్రమం నానే రోజులు వేరు. ఆ తరువాత నెలకొకసారి, అవసరం ఉన్నా లేకపోయినా, ఒక చుట్టు ఎత్తి దింపుతూ ఉండవలెను. కదిలే మరకు తుప్పు త్వరగా పట్టదు.

తలుపులు శాఖవారి ఆస్తి, వాటి మీద చేయి వేయడానికి రైతులకు అధికారం లేదు. ఆ సంగతి గ్రామాధికారులకు తెలిసినదే. కాని ఏ తలుపు కదులుతున్నది, ఏది కదలడం లేదు అని చూచి వ్రాసి ఉంచడానికి ఎవరి అనుమతి అక్కరలేదు. నీటి సంఘాలవారు, గ్రామ రెవెన్యూ అధికారి, రైతు సేవా కేంద్రంలోని మా సహాయకుడు కలిసి మే నెల మొదటి వారంలో ఒక ఉదయం లస్కరును వెంటబెట్టుకొని తమ గ్రామపు మురుగు వెళ్లే దారి వెంట నడిచి, ప్రతి తలుపునూ అతనిచేత ఒకసారి తిప్పించి చూడవచ్చును. కదలని దానిని గురించి ఆ వారమే సంబంధిత ఇంజనీరుకు వ్రాతమూలకంగా తెలిపితే, జూనులో కాలువలకు నీరు వదలకముందు ఇంకా మూడు వారాల వ్యవధి ఉంటుంది. నవంబరులో తెలిపితే మూడు గంటలు కూడా ఉండదు.

ఖర్చు మాట అడుగుతారు. ఒక తలుపుకు మూడు లీటర్ల డీజిలు, ఒక లీటరు ఇంజను ఆయిలు, రెండు కిలోల గ్రీజు, రెండు తీగల బ్రష్షులు మించవు. శాఖ నుండి వచ్చేవరకు ఆగలేని చోట సంఘంవారు కొని లస్కరుకు అప్పగించి, ఆ సంగతి మినిట్సు పుస్తకంలో వ్రాసికొనవచ్చును. స్లూయిజు మీద పెట్టే గ్రీజు డబ్బాకు మాత్రం బిగువైన మూత ఉండవలెను. మూత లేని డబ్బాలోనికి వానతో పాటు ఉప్పుగాలి, ఇసుక దిగుతాయి, ఆ గ్రీజును మరలకు పూయుటకంటె పూయకుండుటయే మేలు.